కుంపటిలో ఆర్కిడ్

"సిమెంటుతో నేనే కుండీ పోసుకున్నాను, చుట్టూ గవ్వలు అద్దాను. ఆర్కిడ్ పెడితే రెండు నెలల్లో వేళ్లన్నీ కుళ్లిపోయాయి. సిమెంటులో విషముందా?" అని ఒక పాఠకురాలు అడిగారు. కొత్త సిమెంటులోంచి సున్నం ఊరే మాట నిజమే; నీళ్లు మారుస్తూ కొన్ని వారాలు నానబెడితే తగ్గుతుంది. కానీ నా అనుమానం సిమెంటు మీద కాదు. ఆ కుండీకి ఎన్ని చిల్లులు పెట్టారమ్మా?

ఇళ్లలో పెంచే ఆర్కిడ్లు చాలావరకు చెట్ల కొమ్మలమీద బతికే జాతులు. వాటికి మట్టి అక్కర్లేదు. ఇక వేరు సంగతికి వస్తాను, నాకు కావలసిందీ అదే.

ఎండిన వేరు సుద్దముక్కలా తెల్లగా ఉంటుంది. నాలుగు చుక్కలు చిలకరించండి, చూస్తుండగానే పచ్చబడుతుంది! పైనున్న మెత్తటి పొర పేరు వెలామెన్. అందులోవన్నీ చచ్చిన కణాలు, లోపల ఉత్త గాలి. ఆ గాలి వెలుతురును చెదరగొట్టినంతసేపూ తెలుపు. నీళ్లు నిండాయా, తడిసిన పంచెలోంచి ఒళ్లు కనబడ్డట్టు అడుగునున్న పత్రహరితం బయటపడుతుంది. అంటే ఈ వేరు ఆకు పనీ చేస్తుందన్నమాట. నీళ్లు పీల్చుకోడానికి క్షణాలు చాలు, వదలడానికి గంటలు పడుతుంది. కొమ్మమీది దుమ్మునీ పోషకాలనీ కడుక్కొచ్చే తొలి జల్లును ఒడిసిపట్టే ఏర్పాటిది.

అదే పొర రోజుల తరబడి తడిగా ఉంటే లోపలి బతికున్న కణాలకు ఊపిరాడదు. గాలిలోకన్నా నీళ్లలో ఆక్సిజన్ దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది మరి.

పాతవాళ్లూ పొరబడ్డారు. సంస్కృతంలో వందా అంటే బదనిక, చెట్టు రసం తాగే మొక్క. వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బరో 1795లో కోరమాండల్ మొక్కల గ్రంథంలో బొమ్మ వేయించిన మన గళ్లపూల ఆర్కిడ్‌కు ఇప్పుడు శాస్త్రీయనామం వందా టెస్సెలేటా. పాపం, అది చెట్టు రసం చుక్క ముట్టదు, కొమ్మమీద కూర్చుంటుందంతే. ఇంగ్లండువాళ్లు ఇంకా ఘోరం: ఉష్ణదేశపు మొక్కలు కదా అని అద్దాల గదుల్లో తలుపులు బిగించి ఆవిరి పట్టి చంపారు. అక్కడి వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్స్ మాత్రం నాచు నింపిన పుల్లల బుట్టల్లో పెంచాడు. మిగతావాళ్లకు గాలి విలువ తెలియడానికి ఏళ్లు పట్టింది.

కుండీ చేయడమా? చిల్లుల్లేని గాజు గిన్నెలను కుండీలని అమ్మే దుకాణాలను చూస్తే నాకు ఒళ్లుమంట. కొబ్బరి చిప్పకు చుట్టూ కన్నాలు పొడవండి, చాలు. నేనైతే అటకమీది మట్టి కుంపటి దింపాను. నడుమ చిల్లుల పళ్లెం, కింద గాలినోరు, అన్నీ ఉన్నాయి. అందులో మళ్లీ బొగ్గులే పోసి, ఇటుక ముక్కలు కలిపి, ఉట్టిలో వేలాడదీశాను. మూడేళ్లకు మొక్క మారుద్దామంటే వేళ్లు కుంపటి గోడలను కరుచుకుని ఊడిరాలేదు. చివరికి కుంపటి పగలగొట్టి, పెంకులతో సహా కొత్తదాంట్లో కూర్చోబెట్టాను.