తోమా మరణము: మూడు కథలు

బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతములకు పడమటి దేశములతో గల సంబంధము నేటిది కాదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున ఒక గ్రీకు నావికుడు తన గ్రంథములో 'మసాలియా' తీరమున నేయబడు సన్నని నూలు వస్త్రములను పేర్కొన్నాడు. రెండవ శతాబ్దమున టాలెమీ చెప్పిన 'కంటకోస్సిల' యను రేవు దివిసీమ చెంతనున్న ఘంటసాలయే యని పండితుల అభిప్రాయము. ఏసుక్రీస్తు పన్నిద్దరు శిష్యులలో నొకడైన తోమా మన దేశమునకు వచ్చెనని క్రైస్తవులు చెప్పుకొనునదియు ఆ మొదటి శతాబ్దమునందే. ఏటేట జూలై 3వ తేదీన ఆయన పండుగ వచ్చినపుడు, ఆయన మన రేవున గూడ దిగియుండునా యని బందరు వైపు వారికి తోచుట సహజమే.

తోమాను గూర్చిన సంప్రదాయములలో కృష్ణా ముఖము పేరు రాదు. అవి ఒక వైపు గాంధారమును, మరియొక వైపు కేరళమును, మైలాపూరును చెప్పును. ఈ డెల్టాలోని ప్రొటెస్టంటు సంఘములలో పెక్కింటికి 1841లో బందరు చేరిన నోబిల్, ఫాక్సు దొరలే ఆద్యులు. నోబిల్ 1843లో పాఠశాల పెట్టి, 1865లో ఆ యూరనే కన్ను మూసెను. ఇవి జాబులలోను, దస్తావేజులలోను నిలిచిన సంవత్సరములు. తోమా విషయమున మనకు మిగిలినవి కథలు మాత్రమే. అయినను కథలకును తమదైన చరిత్ర యొకటి యుండును.

వీనిలో పురాతనమైనది మూడవ శతాబ్దమున సిరియాక్ భాషలో పుట్టిన 'తోమా కార్యములు'. హబ్బాను అను వర్తకుడు తోమాను వడ్రంగిగా కొని, గుండఫరు అను హిందూదేశపు రాజు కడకు తెచ్చును. రాజు ఒక మేడ కట్టుమని ధనమిచ్చును. తోమా ఆ ధనమంతయు బీదలకు పంచిపెట్టును. మేడ యేదని రాజు అడుగగా, "కట్టితిని గాని, నీవు ఈ లోకము విడిచిన తరువాతనే చూడగలవు" అనును. రాజు మండిపడి చెరలో వేయించును. ఆ రాత్రియే రాజు తమ్ముడు చనిపోయి, పరలోకమున అన్న పేరిట నున్న మేడను చూచి, మరల బ్రదికి వచ్చి, దానిని తనకు అమ్ముమని అన్నను బ్రతిమాలును! ఈ రాజు కల్పితుడనియే చాలకాలము తలచిరి. పందొమ్మిదవ శతాబ్దమున ఆయన నాణెములు బయల్పడినవి. తఖ్తె బాహీ శాసనమును బట్టి క్రీ.శ. 46 ప్రాంతమున రాజ్యము చేయుచుండెనని లెక్క కట్టిరి. రాజు నిజమైనంత మాత్రమున కథ నిజము కానక్కరలేదు. మన కథలలో భోజరాజు ఎన్నిమార్లు రాడు?

ఇక మరణము. సిరియాక్ గ్రంథము ప్రకారము మజ్దాయి అను వేరొక రాజు, తన రాణి తోమా బోధ విని సంసారమునకు విముఖురాలైనదని కోపించి, ఊరి వెలుపలి కొండపై నలుగురు భటులచే ఈటెలతో పొడిపించెను. కేరళమున 1601 నాటిదని చెప్పబడు 'రంబాన్ పాట్టు' మైలాపూరులో కాళి గుడి చెంత బ్రాహ్మణులు పొడిచిరనును.

మూడవ కథను వ్రాసినవాడు మార్కో పోలో. కాకతి గణపతిదేవుడు 1244లో ఓడ వర్తకులకు అభయమిచ్చిన మోటుపల్లి రేవును, రాణి రుద్రమ పాలనను పొగడిన యాత్రికుడే ఈయన. మైలాపూరులో ఆయన విన్నది వేరు. తోమా అడవిలో ప్రార్థన చేసికొనుచుండగా చుట్టును నెమళ్లు మేయుచుండెనట. గోవి అను కులమువాడొకడు నెమలికి వేసిన బాణము గురి తప్పి ఆయనకు తగిలెనట. మైలాపూరన్న పేరులోనే మయిలు, అనగా నెమలి, కలదు. ఇది ఆ యూరి మట్టిలో మొలచిన కథ యని మేము తలంచుచున్నాము.

అయితే పోలో మరియొక మాట చేర్చినాడు. గోవి కులమువారెవ్వరును ఆ సమాధి యున్న చోటికి అడుగు పెట్టజాలరట. ఇరువదిమంది పట్టి యుంచినను అచట నిలువలేరట. బాణము పొరపాటున తగిలెనని కథయే ఒప్పుకొనుచున్నది. అయినను పన్నెండువందల యేండ్ల తరువాత పుట్టినవారు సయితము ఆ తప్పు మోయవలసి వచ్చినది. 'రంబాన్ పాట్టు' మోపినదియు ఒక కులముపైననే. కథ చేతులు మారుకొలది నేరము ఒక మనిషినుండి వాని వంశమునకు ప్రాకుచున్నది. ఎవరు ఏ గడప దాటవచ్చునో పుట్టుకను బట్టి తేల్చిన గ్రామములను ఎరిగిన మన డెల్టా పాఠకులకు ఇది వివరింపనక్కరలేదు.

మొదటి గ్రంథములో ఈ బరువు లేదు. అందు చంపించిన మజ్దాయియే, చాలకాలమునకు తన కుమారుడు జబ్బుపడగా, తోమా ఎముక నొకదానిని కోరి స్వయముగా సమాధి తెరపించును. ఎముకలను అంతకు పూర్వమే ఒక శిష్యుడు రహస్యముగా పడమటికి కొనిపోయెను. రాజు అచటి ధూళినే తీసి కుమారునికి కట్టును, బిడ్డ స్వస్థుడగును, సోదరులు రాజును తమలో చేర్చుకొందురు. మైలాపూరు యాత్రికులు తోమా చనిపోయిన చోటి ఎఱ్ఱమన్ను తీసికొనిపోయి జ్వరము వచ్చిన వారికిచ్చుట పోలో కూడ వ్రాసినాడు. ఆ మన్ను ఏ కులమువారికి ఈయరాదో మాత్రము ఆయన వ్రాయలేదు.