కళ్లంలో బయటి ఎద్దు

పెళ్లి వీడియోలు, కదిరి తేరు, లేపాక్షి బసవన్న ఫోటోలు నింపుకొని అనంతపురం నుంచి తెచ్చుకున్న హార్డ్‌డిస్క్‌ల మీద మనవాళ్లు తరచూ చెప్పే ఫిర్యాదు ఒకటుంది: కొత్తలో బాగా ఉరికేది, నిండేకొద్దీ నెమ్మదించిందని. వైరస్ అంటారు కొందరు, మన సీమ ఎండకూ దుమ్ముకూ పాడైందంటారు మరికొందరు. చాలాసార్లు అది జబ్బే కాదు, డిస్క్ పుట్టుక అంతే.

వెనుకటికి మన పక్క కళ్లంలో నడుమ గుంజ పాతి, ఎద్దులను వరసగా కట్టి తిప్పేవాళ్లు. చుట్టు అన్నీ కలిసే పూర్తి చేస్తాయి. గుంజ దగ్గరిది ఉన్నచోటే అడుగులేస్తుంటే, కొసనున్నది అంగలు సాచి నడవాలి. డిస్క్ లోపల తిరిగే పళ్లెమూ అంతే. మూడున్నర అంగుళాల రకం చాలావరకు నిమిషానికి 7,200 చుట్లు, అంటే సెకనుకు 120 తిరుగుతుంది. కేంద్రానికి నాలుగున్నర సెంటీమీటర్ల దూరంలోని చుక్క గంటకు సుమారు 120 కి.మీ. వేగంతో పోతుంటే, రెండు సెంటీమీటర్ల దూరంలోనిది 54 దగ్గరే ఉంటుంది.

ఆ తేడా ఒక్కటే ఉంటే మనకు తెలిసేది కాదు. 1956లో ఐబీఎం తెచ్చిన హార్డ్‌డిస్క్ యంత్రం రామాక్‌లో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి; అన్నీ కలిపి పట్టింది 50 లక్షల అక్షరాలు. పళ్లెం మీది గుండ్రటి రాత వరసను ట్రాక్ అంటారు. రామాక్‌లో లోపలి ట్రాక్‌లోనూ బయటి ట్రాక్‌లోనూ రాసేది ఒకే లెక్క. ఎక్కడ చదివినా వేగం ఒకటే, బయట జాగా మాత్రం దండగ. ఆ దండగ పోగొట్టడానికి తర్వాతి ఇంజనీర్లు పళ్లేన్ని మండలాలుగా పంచి, పొడవైన బయటి ట్రాక్‌లలో ఎక్కువ సెక్టార్లు (ట్రాక్ ముక్కలు) రాయించారు. అప్పటినుంచి ఒక్క చుట్టులో బయట దొరికే సమాచారం ఎక్కువ. అంచున సెకనుకు 200 మెగాబైట్లిచ్చే డిస్క్ లోపలికి వచ్చేసరికి 100 దగ్గరికి దిగడం మామూలే. సాధారణంగా నింపడం బయటినుంచే మొదలవుతుంది గనుక కొత్తలో ఆ జోరు. (పాటల సీడీది మరో దారి: లోపలినుంచి మొదలై, బయటికి పోయేకొద్దీ తిరుగుడే తగ్గించుకుంటుంది.)

కాబట్టి రోజూ వాడే ఫైళ్లకు మొదటి పార్టిషన్, అరుదుగా తెరిచే పెళ్లి వీడియోలకు చివరిది కేటాయిస్తే మేలు. వేల కొద్దీ చిన్న ఫోటోలు కాపీ చేసేటప్పటి నత్తనడకకు కారణం వేరు. అక్కడ సమాచారం చదివి రాసే హెడ్ అటూ ఇటూ తిరగడానికే కాలం పోతుంది.

ఇక దుమ్మంటారా, గాలి రంధ్రమున్న డిస్క్‌లకు లోపల ఫిల్టర్ ఉంటుంది. ఉన్నట్టుండి కరెంటు పోయినా, ఇంకా తిరుగుతున్న పళ్లెం నుంచే శక్తి తీసుకొని హెడ్ పక్కకు తప్పుకుంటుంది. రాస్తూ ఉన్న ఫైలు మాత్రం దక్కకపోవచ్చు. మెల్లగా, క్రమంగా తగ్గే వేగానికి భయపడనక్కర్లేదు. మధ్యలో ఆగి ఆగి నడుస్తూ టక్ టక్‌మంటే మాత్రం ఆ రోజే అన్నీ వేరే డిస్క్‌లోకి ఎక్కించండి.