పాత క్యామ్రీ, అకార్డ్: తనిఖీ మనమే చేసుకోవాలి

బాతెల్‌లో పాత బండి కొనే మన వాళ్ళు ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి. వాషింగ్టన్ రాష్ట్రంలో పొగ పరీక్ష 2020 జనవరి 1 నుంచి లేదు. ఏటేటా బ్రేకులు, టైర్లు చూసే తనిఖీ కూడా లేదు. పనిలో క్రేన్‌కి తనిఖీ కాగితం అడుగుతాం కదా, పిల్లల్ని ఎక్కించుకునే బండికి అడిగేవాళ్ళు లేరు. ట్యాబ్స్ రెన్యూ అయినంత మాత్రాన బండి బాగున్నట్టు కాదండి.

2007–2009 క్యామ్రీలో 2.4 లీటర్ ఇంజన్‌కి ఆయిల్ తాగుతుందన్న పేరుంది. ఎర్ర లైటు వెలిగేది ఆయిల్ ప్రెషర్ పడిపోయాకే. అప్పటికి ఇంజన్ దెబ్బతిని ఉండొచ్చు. రెండు వారాలకోసారి బండిని చదునైన చోట ఆపి, ఇంజన్ చల్లారాక డిప్‌స్టిక్ తీసి చూడండి.

2003–2012 అకార్డ్ వీ6 అయితే టైమింగ్ బెల్ట్ మార్చిన రసీదు అడగండి. అది తెగితే పిస్టన్లు వాల్వులకి కొట్టుకుని ఇంజనే పోతుంది. నాలుగు సిలిండర్ల దాంట్లో బెల్ట్ బదులు చైన్ ఉంటుంది.

ఇక విన్ నంబర్. డ్రైవర్ వైపు ముందు అద్దం కింద 17 అక్షరాలు, అంకెలు కనిపిస్తాయి. వాటిని ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో కొట్టండి. ఆ తరం అకార్డ్‌లు చాలావాటికి టకాటా ఎయిర్‌బ్యాగ్ రీకాల్ ఉంది. లోపలి ఇన్‌ఫ్లేటర్ పగిలితే లోహపు ముక్కలు మొహం మీదికి దూసుకొస్తాయి, ప్రాణాలు పోయాయి కూడా. డీలర్ దగ్గర ఉచితంగా మారుస్తారు, మీరు ఎన్నో ఓనర్ అయినా సరే.