పాట తప్పినా పరవాలేదు!

నా గొంతు గురించి ముందే చెప్పేస్తే మంచిది. కాలేజీ వార్షికోత్సవంలో ఘంటసాల గారి పాట ఒకటి ఎత్తుకుంటే, రెండో చరణం దాకా రానివ్వకుండానే చప్పట్లు కొట్టేశారు. ఆ చప్పట్లకి అర్థం నాకు తెలుసు! ఆ తర్వాత పదేళ్లపాటు స్నానాల గదిలో కూడా గొంతెత్తలేదు. అలాంటి నా చేత మళ్లీ పాడించింది ఎవరనుకుంటున్నారు? ఏ సంగీత దర్శకుడూ కాదు. పద్నాలుగు నెలల మా పాప!

2015లో నేను ఉద్యోగం మీద మస్కట్ వెళ్లేనాటికి పాపకి ఆరు నెలలు. ఎనిమిది నెలల తర్వాత నెల రోజుల సెలవు మీద వచ్చాను. ఇలాంటి సీను సినిమాల్లో మీరు ఎన్నిసార్లు చూసి ఉంటారు! తండ్రి గుమ్మంలో నిలబడతాడు. బిడ్డ వచ్చి మెడ చుట్టేసుకుంటుంది. వెనక వయొలిన్లు మోగుతాయి. నా సీనులో వయొలిన్లు మోగలేదు. పాప నన్ను చూసి కెవ్వుమంది. వాళ్లమ్మ చంక దిగలేదు. మర్నాడూ అంతే. మూడో రోజు నుంచి, నేను గదిలోకి వస్తే తను గోడ పట్టుకుని బయటికి నడవడం మొదలెట్టింది.

"కొత్త కదా, అలవాటవుతుందిలెండి" అంది మా ఆవిడ.

కన్నబిడ్డకి నేను 'కొత్త'! ఆ ఒక్క మాట ఆ రాత్రి నిద్ర పట్టనివ్వలేదు.

నా దగ్గరేం తక్కువ? ఫోనులో రెండు వేల పాటలున్నాయి. మంచి హుషారైన పాట ఒకటి పెట్టి పాప ముందుంచాను. ఏడుపు ఆగింది. గెలిచాననుకున్నాను. తీరా చూస్తే, ఫోనుని రెండు చేతులా పట్టుకుని నావైపు వీపు తిప్పి కూర్చుంది! పాటతో స్నేహం కుదిరింది గాని, పాట తెచ్చినవాడితో కుదరలేదు.

తలుపు ఇవతల విన్న పాట

అప్పుడు మా నాన్న గుర్తొచ్చారు.

నాన్న తెనాలిలో ఒక సినిమా హాలు గేటు దగ్గర టిక్కెట్లు చించేవారు. సెకండ్ షో వదిలి ఇల్లు చేరేసరికి రాత్రి ఒంటిగంట దాటేది. పొద్దున్న పదింటికి లేచి, మళ్లీ మ్యాట్నీకి బయల్దేరే లోపల ఉన్న ఆ కాస్సేపే మా ఇద్దరిదీ. మాటలు తక్కువ మనిషి. ముద్దు చెయ్యడం చేతకాదు. కాని నన్ను చాచిన కాళ్ల మీద వేసుకుని, ఊపుతూ పాడేవారు.

అన్నీ సినిమా పాటలే. 1986లో వచ్చిన 'స్వాతిముత్యం' లాలిపాట అంటే మరీ ప్రాణం. విశ్వనాథ్ గారి చిత్రం, సినారె రచన, ఇళయరాజా బాణీ, సుశీల గారి గొంతు... ఇంకేం కావాలి? అయితే ఒక చిక్కుంది. నాన్న నిలబడేది హాలు తలుపుకి ఇవతల. మందపాటి చెక్క తలుపు, దాని మీద బరువైన తెర. బాణీ బయటికి వచ్చేది గాని, మాటలు సగమే వచ్చేవి. మిగతా సగం నాన్న సొంత రచన! ఆ పూట వంటింట్లో ఏ కూర ఉడుకుతుంటే దాని పేరు పాటలో పడిపోయేది. ఒకరోజు వంకాయకి లాలి, ఇంకోరోజు బెండకాయకి.

పదేళ్ల వయసులో ఆ సినిమా టీవీలో చూస్తూ, "అమ్మా, ఆవిడెవరో తప్పు పాడుతోందేంటే?" అన్నానట. మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

నాన్న 2013లో పోయారు. మనవరాలిని చూడలేదు.

మర్నాడు ఫోను బీరువాలో పెట్టేశాను. పాపకి కాస్త దూరంగా, నేల మీద కాళ్లు చాచుకుని కూర్చున్నాను. తన వంక చూడకుండా, నాన్న పాడినట్టే ఎత్తుకున్నాను. ఆ రోజు మా ఇంట్లో వంకాయ కూర. పాప ఏడవలేదు, దగ్గరికీ రాలేదు. నా నోటివంక చూస్తూ నిలబడింది. నాలుగో రోజున పక్కకి వచ్చి, నా పెదాల మీద చెయ్యి పెట్టింది. పాట ఎక్కణ్ణించి వస్తోందో వెతుకుతోందన్నమాట! రెండో వారానికి ఆ చాచిన కాళ్ల మీదికి తనే ఎక్కి కూర్చుంది.

ఊరడించడం వేరు, దగ్గరవడం వేరు

"ఇదంతా మీ ఇంటి కథ, మాకెందుకు?" అనకండి. దీని మీద శాస్త్రజ్ఞులు కూడా బుర్ర పెట్టారు.

కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు ఆరు నుంచి తొమ్మిది నెలల వయసున్న పిల్లలకి మాటలు, పాటలు రికార్డుల్లో వినిపించారు. పాట ఎప్పుడూ వినని టర్కీ భాషది. మాటలు వింటూ పిల్లలు సుమారు నాలుగు నిమిషాలు కుదురుగా ఉంటే, పాట వింటూ తొమ్మిది నిమిషాల దాకా ఉన్నారు. అంటే ఏడుపు మొదలవకుండా కాసేపు ఆపడానికి రికార్డు చాలు. నా ఫోను చేసిన పని అదే.

మరి దగ్గరవడానికి? అదే కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో జరిగిన ఇంకో ప్రయోగం 2014లో వెలువడింది. పిల్లలకి పద్నాలుగు నెలలు, సరిగ్గా మా పాప వయసు! బీటిల్స్ పాడి ఊపేసిన 'ట్విస్ట్ అండ్ షౌట్' బాణీ పెట్టి, పిల్లల్ని ఎత్తుకుని ఊపారు. ఎదురుగా ఒకామె కూడా ఊగింది. కొందరికి ఆమె ఊపు తమ ఊపుతో కలిసింది, కొందరికి కలవలేదు. తర్వాత ఆమె కావాలనే వస్తువులు జారవిడిచింది. లయ కలిసిన పిల్లలు వాటిని తీసి ఆమెకి అందించడం ఎక్కువగా కనిపించింది. కలిసి ఊగితే స్నేహం కుదురుతుందన్నమాట! చాచిన కాళ్ల మీద ఊపిన మా నాన్న ఏ విశ్వవిద్యాలయంలో చదివారు చెప్పండి?

ఇంకొక్కటి. అమెరికాలో, పదకొండు ఆసుపత్రుల్లో, నెలలు నిండకుండా పుట్టిన 272 మంది శిశువుల మీద జరిగి, 2013లో వెలువడిన అధ్యయనం ఉంది. తల్లిదండ్రులకి ఇష్టమైన పాటనే లాలిపాటగా మార్చి శిశువుల దగ్గర పాడారు. పసివాళ్లకి మేలు జరగడమే కాదు, కన్నవాళ్ల బెంగ కూడా తగ్గింది. ఇది నేను నమ్ముతాను. ఆ సెలవులో పాప కంటె ముందు ఊరట పడింది నేనే.

మన సినిమావాళ్లకి ఇది ఎప్పుడో తెలుసు. 1963 నాటి 'లవకుశ' చూడండి. తండ్రి ఎవరో ఎరగని పిల్లలు అయోధ్యకి వచ్చి తండ్రి కథే పాడతారు. పిల్లల గొంతులు లీల, సుశీల గార్లవి, సంగీతం ఘంటసాల గారిది. తండ్రీబిడ్డల్ని దగ్గర చేసే పని అక్కడ మొదలెట్టింది పాటే!

మీ వంతు

మీకింకా పెళ్లి కాలేదా? అక్క కూతురో అన్న కొడుకో ఉంటారుగా. పసివాళ్లకి మీ మొహం కనబడేలా కూర్చోండి. కొత్త కొత్త పాటలు అక్కర్లేదు. ఒకటే పాట, రోజూ ఒకే వేళకి. నెమ్మదిగా, చిన్న గొంతుతో. చివరి మాట దగ్గర ఆగి ఊరుకోండి. వాళ్లేదో ఒక కూత కూస్తారు, అదే జుగల్‌బందీ. శ్రుతి తప్పిందని పాఠం చెప్పబోకండి. పసివాళ్లు మన గొంతుకి మార్కులు వెయ్యరు.

ఇంతకీ నా కథ. సెలవైపోయింది, మస్కట్ వెళ్లిపోయాను. అక్కణ్ణించి రోజూ రాత్రి ఫోనులో మొహం చూపిస్తూ అదే పాట పాడేవాణ్ణి. ముందు మా ఆవిడని అడిగేవాణ్ణి, "ఇవాళ కూరేంటి?" అని. పక్క మంచాలవాళ్లు దుప్పట్లు నిండా కప్పుకునేవారు పాపం!

మళ్లీ పది నెలలకి వచ్చాను. శంషాబాద్ విమానాశ్రయం బయట, వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. పెద్దదయింది. నన్ను చూడగానే అమ్మ చీర చాటుకి పోయింది. నా గుండె జారిపోయింది. 'మళ్లీ కొత్తేనా?' అనుకున్నాను. దగ్గరికి వెళ్లకుండా, పెట్టె అక్కడే దించి నిలబడ్డాను.

చీర చాటునుంచి తల బయటికొచ్చింది. కాసేపు నా నోటివంకే చూసింది. తర్వాత, ముద్దుముద్దుగా ఒకే ఒక్క మాట...

"మంకాయ!"