పన్ను, పౌరసత్వము, ప్రవాసము

గుణదల కొండ మొదలు బందరు తీరము వరకు ఏ గ్రామమున విచారించినను, ఒక కుమారుడో కుమార్తెయో సముద్రముల కావల నున్న కుటుంబములు కాననగును. వారి యిండ్లలో నేడొక ప్రశ్న తఱచుగా వినవచ్చుచున్నది. ఏండ్ల తరబడి అమెరికాలో పన్ను చెల్లించుచున్నవాడు అచ్చటి పౌరసత్వమును స్వీకరింపవచ్చునా? స్వదేశ పౌరసత్వమును వదలుకొనుట ధర్మమేనా? ఇచ్చటి పన్నుల బాధ చూచినచో పోయినవాడే సుఖపడినాడని పలికెడి పెద్దలును లేకపోలేదు.

పన్ను కారణముగా ఊరు విడుచుట ఆంధ్రులకు క్రొత్తది కాదు. చీరాల పేరాలలు యూనియనుగా నున్నంతకాలము ప్రజలు ఏటా సుమారు 4 వేల రూపాయలు చెల్లించుచుండిరి. ప్రజాభిప్రాయమును త్రోసిపుచ్చి ప్రభుత్వము వానిని మునిసిపాలిటీగా మార్పగా ఆ భారము 40 వేలకు పెరిగినది. నేతగాండ్రు, చిన్న సంసారులు అధికముగాగల ఆ యూళ్లు అంత భారము నెట్లు మోయగలవు? అర్జీలు నిష్ఫలములయ్యెను. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడయందు అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైన పిదప గాంధీమహాత్ముడు చీరాలకు విచ్చేసి రెండు మార్గములు చూపెను. శాంతముగా పన్ను నిరాకరించి శిక్ష ననుభవించుట యొకటి. మునిసిపాలిటీ ఎల్లలు దాటి వెలుపల నివసించుట రెండవది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ప్రజలు రెండవ మార్గము నవలంబించిరి. పదుమూడు వేలకు పైగా జనులు ఇండ్లు విడిచి, రామనగరమను పేర పాకలు వేసికొని, సుమారు పదునొకండు నెలలు ఎండవానలకు ఓర్చిరి. గోపాలకృష్ణయ్యగారు చెఱసాల పాలైరి. ధనమును నాయకుడును లేక జనులు తుదకు మరలి ఇండ్లు చేరిరి.

వారు ఓడిరనవచ్చును. కాని వారి యుద్దేశమును గమనింపవలెను. పన్ను కట్టమని వారు భీష్మించుకొనలేదు. తమ మాటకు విలువలేని చోట తమపై పన్ను వేయుట అన్యాయమనిరి. వారు విడిచినది మునిసిపాలిటీ ఎల్లనే కాని దేశమును కాదు. ఒంటరిగా పోలేదు, ఊరంతయు కలిసి పోయిరి. విదేశగమనమును వారి నాయకుడు దోషముగా నెంచినవాడును కాడు. గోపాలకృష్ణయ్యగారు ఎడింబరోలో ఎం.ఎ. చదివి వచ్చినవారే.

ఆ న్యాయమును నేటికి అన్వయించి చూతము. గుణదల 1985లో విజయవాడ నగరపాలక సంస్థలో చేరినది. ఇంటిపన్ను హెచ్చినదని నేడెవ్వరును రామనగరము కట్టనక్కరలేదు. పన్ను వేయువారిని ఎన్నుకొను వోటు మన చేతనున్నది. మురుగుకాలువలు బాగులేవని, జీతగాని వద్ద ముక్కుపిండి వసూలుచేసి యితరులను వదలుచున్నారని చెప్పెడి మాటలలో సత్యము లేకపోలేదు. అయినను భూస్వాములమైన మనము ఒక సంగతి మఱువరాదు. వ్యవసాయాదాయముపై కేంద్ర ప్రభుత్వపు ఆదాయపుపన్ను లేదు. 1855లో పూర్తియైన ఆనకట్టయు, దాని కాలువలును లేనిచో ఈ డెల్టా నేలలకు నేటి విలువ యెక్కడిది? బిడ్డల విదేశవిద్యకు వ్యయమైన ధనములో ఆ నీటి పాలెంత?

ఇక లెక్క చూతము. మన ఆదాయపుపన్ను చట్టము ముఖ్యముగా నివాసమును చూచును. అమెరికా చట్టము పౌరసత్వమును గూడ చూచును. అమెరికా పౌరుడు వార్ధక్యమున గుణదలకు వచ్చి స్థిరపడినను, చట్టము నిర్ణయించిన పరిమితిని మించిన ఆదాయమున్నచో దాని లెక్క ఏటేట అచ్చటికి పంపవలసినదే. 1989లో రెండు దేశములు చేసికొన్న ఒడంబడిక ఒకే ఆదాయముపై రెండుమార్లు పన్ను పడకుండ చూచునేకాని లెక్క చెప్పు బాధ్యతను తొలగింపదు. పన్నులేని గల్ఫు దేశములకు పోయినవారిపైనను, స్వదేశములో 15 లక్షలకు మించిన ఆదాయముండి, ఎచ్చటను పన్నుకు లోబడనిచో, భారత పౌరుని ఇచ్చటి నివాసిగనే యెంచు నిబంధన 2020లో వచ్చినది. కావున పన్ను తప్పునను ఆశతో పౌరసత్వము మార్చువాడు పన్ను అడుగువానిని మార్చుకొనునే కాని పన్నును తప్పించుకొనడు.

పోవునది మఱియొకటి కలదు. 1955 పౌరసత్వ చట్టము ప్రకారము అన్యదేశ పౌరసత్వమును కోరి పొందినవానికి భారత పౌరసత్వము రద్దగును. విదేశీ భారత పౌరుడను పేర నిచ్చు కార్డుతో రాకపోకలకు, నివాసమునకు ఆటంకముండదు గాని వోటుండదు. విదేశమున నివసించుచు భారత పౌరుడుగనే యున్నవానికి వోటు హక్కు 2010 సవరణచే లభించినది. అయితే స్వయముగా వచ్చి వేయవలెను. సాగునేలను పిత్రార్జితముగా పొందుటకు ఇరువురికిని వీలున్నది. కొనుటకు ఇరువురికిని వీలులేదు.

అట్లయిన పరాయి పౌరసత్వము నిషిద్ధమా? కాదనియే మా యభిప్రాయము. 1923లో భగత్‌సింగ్ థింద్ వ్యాజ్యమున అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వమునకు అర్హులు కారని తీర్పు చెప్పినది. 1946లో చట్టము మారువరకు మనవారు అచ్చట శ్రమించి, పన్నులు చెల్లించి, వోటులేక బ్రతికిరి. చీరాల న్యాయమును బట్టి అదియు అన్యాయమే. జీవితమంతయు అచ్చటనే గడపి, బిడ్డలను అచ్చటనే పెంచ నిశ్చయించినవాడు అచ్చటి పౌరుడగుట యుక్తము. పన్ను కట్టు చోట మాట చెల్లవలెను గదా. మరలివచ్చు తలంపు గలవాడు మాత్రము ఇచ్చటి పౌరసత్వమును తొందరపడి వదలుకొనరాదు. ఎచ్చటను బాధ్యత వహింపక, రెండు చోట్లను సౌకర్యములనే కోరుట తగదు.

కావున తల్లిదండ్రులు బిడ్డలను పన్ను ఎంత తగ్గునని గాక, ఎచ్చట బ్రతుకదలచితిరని అడుగవలెను. ఇచ్చట నిలిచిన మనమును వోటర్ల పట్టికలో పేరున్నదో లేదో చూచుకొని, మన పన్ను ఏమగుచున్నదని ఎన్నికైనవారిని నిలదీసి అడుగవలెను. పదునొకండు నెలలు పాకలలో నున్నవారు కోరినది ఆ అధికారమునే.