చికిత్స అయ్యాక డాక్టరు ఏం వెతుకుతారు?

ఆపరేషన్ అయింది, కీమో అయింది, కరెంటు (రేడియేషన్) పెట్టడమూ అయిపోయింది. మూడు నెలలకోసారి రమ్మన్నారు. మొదట ఒకటి రెండుసార్లు ఇంటిల్లిపాదీ కదులుతారు. తర్వాత ‘బాగానే తిరుగుతోందిగా’ అని మానేసేవాళ్లు చాలామంది. గర్భసంచి, దాని ముఖద్వారం, అండాశయం క్యాన్సర్లు తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే తిరగబెడతాయి. అందుకే తొలి రెండేళ్లు 3 నుంచి 6 నెలలకోసారి, ఐదో ఏడు దాకా 6 నుంచి 12 నెలలకోసారి, ఆపై ఏటా ఒకసారి చూపించుకోమంటారు.

వెళ్లిన ప్రతిసారీ స్కానింగ్ రాయకపోతే ‘సరిగా చూడలేదు’ అని నొచ్చుకునేవాళ్లున్నారు. గర్భసంచి లోపలి పొర క్యాన్సర్‌కు చికిత్స పొందిన 1,800 మందికి పైగా మహిళలపై ఇటలీ, ఫ్రాన్స్‌లలో జరిపిన టోటెం అధ్యయనం 2022లో వెలువడింది. తరచూ సీటీలు, రక్తపరీక్షలు చేయించుకున్నవాళ్లు మిగతావాళ్ల కంటే ఎక్కువ కాలమేమీ బతకలేదు.

డాక్టరుకు ముఖ్యంగా కావలసింది లోపలి పరీక్ష, మీ మాట. గర్భసంచి తీసేశాక యోని పైభాగాన కుట్టేసిన చోటును స్పెక్యులమ్ అనే సాధనం పెట్టి చూస్తారు. గర్భసంచి క్యాన్సర్ తరచూ మళ్లీ తలెత్తేది అక్కడే. అక్కడికే పరిమితమైతే, ఇంతకుముందు రేడియేషన్ తీసుకోనివాళ్లకు దానితో నయమయ్యే అవకాశం బాగా ఉంటుంది. మలద్వారంలోంచి వేలు పెట్టి పక్కల గట్టిదనం ఏమైనా ఉందా అనీ చూస్తారు. ఇబ్బందిగానే ఉంటుంది కానీ నిమిషాల్లో అయిపోతుంది.

ఇక మాట. “ఎలా ఉందమ్మా?” అని అడిగితే, పక్కన కొడుకో అల్లుడో నిలబడి ఉండగా “బాగానే ఉందండి” తప్ప ఇంకో జవాబు వస్తుందా? ఆ కాసేపు మగవాళ్లను బయట ఉండమనడం తప్పేమీ కాదు. ఎర్రబట్ట కనిపించడం, వాసనతో తెల్లబట్ట కావడం, కలయిక తర్వాత రక్తం, తగ్గని పొత్తికడుపు నొప్పి, కారణం లేకుండా చిక్కిపోవడం దాచకూడనివి. ముఖద్వారం క్యాన్సర్ వచ్చినవాళ్లకు ఒక కాలే వాచి, తొడ వెనక నుంచి లాగుతుంటే వెంటనే చూపించాలి. కాల్లో రక్తం గడ్డకట్టినా అలాగే వాస్తుంది, అదీ ఆగే పని కాదు. ఇవేవీ తర్వాతి చెకప్ తేదీ దాకా మోయకూడదు.

అండాశయం క్యాన్సర్ వచ్చినవాళ్లను సీఏ-125 అనే రక్తపరీక్ష అంకె నిద్రపోనివ్వదు. అది లక్షణాల కంటే కొన్ని నెలల ముందే పెరగవచ్చన్నది నిజమే. అలా పెరగగానే కీమో మొదలుపెడితే మేలా, బాధ కనిపించాక మొదలుపెడితే మేలా? దీన్ని పోల్చిన యూరప్ ట్రయల్ ఫలితాలు 2010లో లాన్సెట్‌లో వచ్చాయి. ముందే మొదలుపెట్టినవాళ్లు దాదాపు ఐదు నెలలు ముందుగా కీమో భరించారు, ఆయుష్షు మాత్రం పెరగలేదు. అయితే తిరగబెట్టినప్పుడు తగినవాళ్లను ఎంచి రెండోసారి ఆపరేషన్ చేస్తే ఉపయోగం ఉందని 2021లో మరో ట్రయల్ చూపింది. అందుకే కొందరు డాక్టర్లు ఆ పరీక్ష మానరు. నా మటుకు నాకు, అంకె పెరిగితే ఏం చేస్తారో పరీక్షకు ముందే అడగడం మంచిదనిపిస్తుంది. కొద్దిగా పెరిగినంత మాత్రాన క్యాన్సర్ తిరిగొచ్చిందని కాదు, ఇంకొన్ని కారణాలతోనూ అది పెరుగుతుంది.

కనిపించిన ప్రతి రక్తపు చుక్కా క్యాన్సరూ కాదు. రేడియేషన్ వల్ల నెలలు, ఏళ్ల తర్వాత కూడా మలంలో, మూత్రంలో రక్తం పడవచ్చు. యోని బిగుసుకుపోవచ్చు, దానికి డైలేటర్ అనే సాధనం వాడమంటారు. దీని గురించి అడగడానికి సిగ్గుపడి కాపురంలో ముభావంగా మిగిలిపోయేవాళ్లున్నారు.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో చికిత్స చేయించుకుని ఊరికి వచ్చినవాళ్లకు ఇంకొక పని ఉంది. స్థానిక డాక్టరుకు డిశ్చార్జి సమ్మరీ, బయాప్సీ రిపోర్టు, రేడియేషన్ ఎంత ఇచ్చారో రాసిన కాగితం చూపాలి. వాటిని ఫోన్లో ఫొటో తీసి, ఇంట్లో మరొకరికి కూడా పంపి ఉంచండి.