బండికీ ఓ పాక... గడ్డివాముకు దూరంగా!

ఎద్దులకు పాక వేస్తాం. వేలకు వేలు పోసి కొన్న మోటారు సైకిలును మాత్రం చూరు కింద వానకు వదిలేస్తాం. కొందరు గొడ్ల పాకలోనే ఓ మూల నిలుపుతారు. పేడ, మూత్రాల ఆవిరికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. ఎరువుల బస్తాలున్న గదిలోనూ అంతే.

పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పున రేకులు వేసి, కింద బండలు పరిస్తే చాలు. మట్టి నేల అయితే స్టాండు దిగబడి బండి మీద పడుతుంది. నాలుగు పానాలు, ప్లగ్గు పానా, గాలి పంపు ఉంటే చిన్న పనులకు పట్నం పోనక్కర్లేదు.

అయితే చోటు చూసి వేయాలి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. నేలబారున పాకి పొయ్యినో, బీడీ నిప్పునో అందుకుంటుంది. వంటింటికీ, గడ్డివాముకూ దూరంగా ఉండాలి. సీసాల్లో పెట్రోలు దాచకండి. ఓ బకెట్టు ఇసుక దగ్గరుంచండి. తలుపులు మూసి ఇంజను నడిపితే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలే తీస్తుంది.

ఇంజను తిరుగుతుండగా గుడ్డతో చైను తుడవడం చాలామందికి అలవాటు. గుడ్డతో పాటు వేళ్లూ పళ్లచక్రంలోకి పోతాయి. ఇంజను ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, చక్రాన్ని చేత్తో కొద్దికొద్దిగా తిప్పుతూ కిరసనాయిలు, బ్రష్షుతో శుభ్రం చేయండి. పెట్రోలు వద్దు.

వంద సీసీ బండికి లీటరు లోపు ఇంజనాయిలే పడుతుంది. ఆ కాస్తకు కక్కుర్తి పడితే ఇంజనే పోతుంది. తీసిన నల్ల నూనెను బావిగట్టున పారబోయక, డబ్బాకెత్తి మెకానిక్కుకు ఇచ్చేయండి.